జక్రయ్య చప్పిడి విడిచిన రోజు

పత్తికట్టె మంటకు డప్పును దగ్గరగా పట్టి జక్రయ్య మెల్లగా తిప్పుతున్నాడు. రాత్రి మంచుకు చెమ్మ పీల్చి తోలు సడలిపోయింది. నాలుగు తిప్పులు తిప్పి, వేలి మెటికతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంకా మూలుగుతోంది.

"కాగు, కాగు. ఇయ్యాల నువ్వు మొరాయిస్తే కుదరదు," అన్నాడు దానితో.

మనిషి పిడికెడు, గొంతు గంపెడు. డెబ్బై దాటిన ఒళ్ళు. మెడ మీద నరాలు తాళ్ళలా పైకి తేలి ఉంటాయి. పుల్ల పట్టే కుడిచేతి బొటనవేలి మొదట్లో కాయ కాచి గట్టిపడింది. పంచాయతీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసి తెల్లబడింది. సోమరాజుపాలెంలో కుళాయి ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో, ఎవరి గేదె తప్పిపోయిందో, పోలియో చుక్కలు ఎక్కడ వేస్తారో, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా ఫోనులో వచ్చింది అబద్ధం కావచ్చుగాని జక్రయ్య చాటింది నిజమేనని ముసలీముతకా నమ్మకం. ఆ నమ్మకమే ఒకసారి కొంప ముంచింది.

ఎనిమిదేళ్ళ కిందట ఊళ్ళో కంటి క్యాంపు పెడుతున్నారని, ఆపరేషనూ ఉచితమే అద్దాలూ ఉచితమేనని జక్రయ్యే వీధి వీధీ తిరిగి చాటాడు. పెళ్ళాం రాహేలమ్మను తీసుకెళ్ళి ముందు వరసలో కూచోబెట్టాడు కూడా. ఆపరేషనైన మూడో నాటికి కళ్ళు చీము పట్టాయి. రాహేలమ్మకు కుడికన్ను పోయింది. నూర్‌బాషాల బజారులో ఖైరున్నీసాకు, రైతుల బజారులో శివపార్వతికి, ఇంకా కొందరు ఆడవాళ్ళకు ఒక్కో కన్ను పోయింది. ఊరు గగ్గోలెత్తితే పైనుంచి ఆఫీసర్లు దిగారు. తలుపులేసుకుని కూచుని ఒక మాట తేల్చారు. మిరపకాయల పనికి పోయే ఆడవాళ్ళు కారపు చేతులతో కట్లు విప్పి కళ్ళు నులుముకున్నారట, అందుకే పోయాయట. ఆ మాట ఊళ్ళో చాటించమన్నారు. చాటిందెవరు? జక్రయ్యే. చెప్పింది చాటడమే తన పని అనుకున్నాడు, డప్పు కొట్టాడు.

ఏం చోద్యమో చూడండి. మిరపచేలో పుట్టి, మిరప కల్లంలో పెరిగి, మిరపకాయల తొడిమలు తీస్తూ ముసలైన ఆడవాళ్ళు వీళ్ళు. కన్ను దురద పెడితే మొహం వంచి భుజంతో తుడుచుకుంటారుగాని చెయ్యి పెట్టరు. పెళ్ళిపందిట్లో కూచున్నా, చేతులకు గంధం తప్ప ఏమీ లేకపోయినా, భుజమే. పిల్లలకు నడక కంటే ముందు ఆ సంగతి నేర్పుతారు. అలాంటివాళ్ళ మీద అంత మాట వేస్తే, వాళ్ళకు కన్ను పోయిన బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు అయింది.

ఆ రాత్రి రాహేలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కంచంలో అన్నం పెట్టి పప్పు పోసింది. పప్పులో మిరపకాయ లేదు. తాలింపులో లేదు. పక్కన పచ్చడీ లేదు.

"ఏందే ఇది?" అన్నాడు జక్రయ్య.

"నా చేతుల కారానికి కళ్ళు పోతాయని నువ్వే చాటావుగా. ఇక ఈ చేత్తో నీ కంచంలో మిరపకాయ ఎయ్యను. కాదని ఆ నోటితోనే చాటిన నాడు చూద్దాం."

అన్నమాట అన్నట్టే నడిపింది మహాతల్లి. గుంటూరు సీమలో పుట్టి, ఎనిమిదేళ్ళపాటు చప్పిడి కూడు! బడ్డీకొట్టు దగ్గర, "ఏం జక్రయ్యా, ఇయ్యాల గూడా పత్యమేనా?" అని ఏడిపించేవాళ్ళు. ఒకసారి చిలకలూరిపేట వెళ్ళినప్పుడు దొంగతనంగా మిరపకాయ బజ్జీ తిన్నాడు. ఇంటికి రాగానే రాహేలమ్మ వాసన పట్టేసింది. ఒక్క మాట అనకుండా చెంబుతో మంచినీళ్ళిచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత బయట ఏదీ ముట్టలేదు. ఇంకో సంగతి ఉంది. ఆ ఇంట్లో కుండ ఒకటే. మొగుడితో పాటు ఆమె కూడా ఆ చప్పిడే తింది. పగలంతా కల్లంలో మిరపకాయల మధ్య కూలికి కూచుని, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, ఉప్పూ పసుపూ వేసి వండుకుని తినేది. అది చూసినప్పుడల్లా జక్రయ్యకు ముద్ద దిగేది కాదు.

ఆడవాళ్ళు ఊరుకోలేదు. నల్లద్దాలు పెట్టుకుని, బస్సులెక్కి దిగి, కోర్టు మెట్లు అరగదీశారు. చివరికి కోర్టు తేల్చింది. కళ్ళు కడగడానికి వాడిన మందునీళ్ళు పాడైపోయాయి. వాడొద్దని ముందే కబురొచ్చినా పట్టించుకోకుండా వాడారు. అందరికీ పరిహారం ఇవ్వాలి. ఏ వీధుల్లో ఆ నింద చాటించారో ఆ వీధుల్లోనే అది తప్పని చాటించాలి. ఈ రెండోది ఆడవాళ్ళు పట్టుబట్టి అడిగి తెచ్చుకున్నది. ఆ చాటింపు ఈ రోజే.

డప్పు ఖంగుమంది. జక్రయ్య మొహం విప్పారింది.

రాహేలమ్మ మజ్జిగన్నం గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క ఉంది. నల్లద్దాల వెనక ఆమె ఎటు చూస్తోందో తెలియదు.

"ఆఫీసుకు రావా? చెక్కులిస్తారంట," అన్నాడు.

"చెక్కులు ఏడకి పోతాయి? ముందు చాటింపు నా గడప ముందుకు రానీ."

"వస్తది."

"వచ్చినప్పుడు చూద్దాం," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల మీద ఆడవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు, అందరికీ నల్లద్దాలే. తహశీల్దారు జ్యోతిర్మయి కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన పిల్ల. ఆ క్యాంపు నాటికి కాలేజీలో చదువుకుంటూ ఉండి ఉంటుంది. జక్రయ్యను కూచోమని, కాగితం తీసి చదివింది. "బాధితుల పక్షాన ఎటువంటి నిర్లక్ష్యమూ రుజువు కానందున పూర్వపు ప్రకటనను ఉపసంహరించుకోవడమైనది."

చెప్పింది చాటడమే జక్రయ్య పని. ఆ పనే ఇంతకాలం చప్పిడి తినిపించింది.

"ఇది చాటితే ఎవరికీ అర్థం కాదమ్మా. అప్పుడు చాటింది మాత్రం అందరికీ అర్థమైంది," అన్నాడు.

"ఇందులో ఉన్నదే చెప్పాలి జక్రయ్యగారూ. మాట మారిస్తే నా మీదకొస్తుంది."

బల్ల మీంచి ఖైరున్నీసా అందుకుంది. "మీ మీదకు రావాలనేగా తల్లీ, మేం ఇన్నాళ్ళూ తిరిగింది."

వరండా అంతా నవ్వు. గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. జ్యోతిర్మయి పెదవి బిగబట్టి చూసింది, ఆగలేక తనూ నవ్వేసింది.

"సరే, మీరేమని చాటుతారు?"

"తప్పు సర్కారుదని."

ఆమె కాగితం వంక చూసుకుంది. దాన్ని మడిచి ఫైల్లో పెట్టింది. "అలాగే చాటండి," అంది.

"ఇంకోటమ్మా. డప్పు నాది, మాట మీది. నేనొక్కణ్ణే పోతే ముసలోడు ఏదో వాగాడంటారు. మాట ఎవరిదో వాళ్ళు ఎనకాల నడవాల."

బయట ఎండ చుర్రుమంటోంది. జీపు నీడలో ఉంది. జ్యోతిర్మయి రెండింటినీ చూసి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని మెట్లు దిగింది. నల్లద్దాల ఆడవాళ్ళందరూ లేచారు.

ముందు డప్పు, వెనక సర్కారు, ఆ వెనక ఆడవాళ్ళు. రైతుల బజారు మొదట్లో జక్రయ్య ఆగి, గుండె నిండా గాలి పీల్చి, కొట్టాడు.

"వినండహో! అమ్మలారా, అయ్యలారా! ఎనిమిదేళ్ళ కిందట ఈ నోటితోనే చాటాను, కారపు చేతులకు కళ్ళు పోయాయని. అది అబద్ధం! మన ఆడాళ్ళ చేతుల్లో ఏ తప్పూ లేదు. క్యాంపులో పోసిన మందునీళ్ళు పాడైనయి. తెలిసే పోశారు. తప్పు సర్కారుదహో!"

"అవునండి. తప్పు మాదే. క్షమించండి," అంది జ్యోతిర్మయి, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా.

అరుగు మీద కూచున్న అంకమ్మరావుగారికి చెవుడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందంటుందీ ఆ అమ్మాయి?" అని అరిచాడు.

ఆమె గొంతు సవరించుకుని గట్టిగా చెప్పింది. ఆయన తలాడించి, "ఆ, అట్టా చెప్పాల," అన్నాడు. పక్కనే గుమ్మంలో నిలబడ్డ శివపార్వతి కోడలు పరుగున వచ్చి అత్తను కావలించుకుంది. రెండో బజారుకు వచ్చేసరికి తహశీల్దారు ఎవరూ అడగకుండానే గొంతెత్తి చెబుతోంది. పిల్లలు, కోళ్ళు, సైకిళ్ళు అన్నీ ఊరేగింపులో కలిశాయి. జక్రయ్య అడుగులో ఎప్పటినుంచో లేని ఎగురుడు వచ్చింది. ఒళ్ళు చెమటతో తడిసింది. ఎడంచెయ్యి అప్పుడప్పుడూ లాగుతుంటే విదిలించుకుని మళ్ళీ కొట్టాడు.

ఊరి బయట కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. కూలీలందరూ పని వదిలి లేచి నిలబడి విన్నారు. ఘాటుకు జ్యోతిర్మయికి తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళు మండి చెయ్యెత్తబోతే ఖైరున్నీసా చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"కన్ను ముట్టుకోబాక తల్లీ. భుజం, భుజం."

తహశీల్దారు మొహం వంచి భుజానికి కళ్ళు తుడుచుకుంది. కల్లమంతా సంతోషంతో గొల్లున నవ్వింది.

తన పేటను జక్రయ్య ఆఖరుకు ఉంచుకున్నాడు. రాహేలమ్మ గడపలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జక్రయ్య ఆమె ఎదురుగా ఆగి, డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు.

"నా పెళ్ళాం రాహేలమ్మ చేతుల్లో తప్పు లేదహో! ఆమె కన్ను పోగొట్టింది సర్కారు! ఆమె మీద అబద్ధం చాటింది నేనహో!"

"అవునమ్మా. తప్పు మాదే," అంది జ్యోతిర్మయి.

"ఇంకోసారి చాటు," అంది రాహేలమ్మ మొగుణ్ణి చూస్తూ.

చాటాడు.

"ఇంకోసారి."

మళ్ళీ చాటాడు. ఈసారి పేటంతా అతనితో కలిసి అరిచింది. రాహేలమ్మ నల్లద్దాలు తీసింది. మొహం వంచి, ముందు ఒక భుజానికి, తర్వాత రెండో భుజానికి తుడుచుకుంది.

"చాల్లే, గొంతు పోద్ది. లోపలికి రా, కూడు తిందువుగాని."

జ్యోతిర్మయి చెక్కు చేతికిస్తే తీసుకుని కళ్ళకద్దుకుంది. అక్కడున్న ప్రతి మనిషికీ మజ్జిగ పోసింది, తహశీల్దారుకు రెండు గ్లాసులు.

జక్రయ్య కాళ్ళు కడుక్కుని గడప దాటగానే ఆగిపోయాడు. వాసన. ఇంట్లో ఎనిమిదేళ్ళుగా లేని వాసన. ఇంగువ తాలింపు, వెల్లుల్లి, దాని అడుగున కొత్త పండుమిరప ఘాటు. పొయ్యి పక్కన పెద్ద జాడీ నిండా పచ్చడి ఉంది. పండుమిరప పచ్చడి ఒక్క పూటలో అయ్యేది కాదు. ఉప్పూ చింతపండూ వేసి ఊరబెట్టి, మూడోనాడు రోట్లో వేసి నూరాలి.

"ఇది ఎప్పుడు పెట్టావే?"

"కోర్టు సంగతి తెలిసిన్నాడే."

"పొద్దున కూడా చూద్దాం, చూద్దాం అన్నావుగా."

"అంటాను. నువ్వు చాటవా ఏంది, నాకు తెలవదా?"

వేడన్నం మీద గరిటెడు పచ్చడి వేసి, నూనె పోసింది. తనకూ అదే కంచంలో పెట్టుకుంది. మొదటి ముద్దకే జక్రయ్యకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. ముక్కు కారింది, నడినెత్తిన చెమట పట్టింది, పొలమారింది. రాహేలమ్మ నెత్తిన తడుతూ పడీపడీ నవ్వింది. ఆమెకూ పొలమారింది. ఇద్దరూ నవ్వుతూ, దగ్గుతూ, భుజాలకు కళ్ళు తుడుచుకుంటూ కంచం ఖాళీ చేశారు. అంత సుఖంగా తిన్న రోజు వాళ్ళకు గుర్తులేదు.

వసారాలో నులకమంచం మీద వాలి జక్రయ్య డప్పును పక్కనే గోడకు ఆనించుకున్నాడు. "ఏమే, రాత్రికి కూడా ఇదేగా?" అని అడిగాడు.

"ఏడాదికి సరిపడా పట్టాను. నువ్వెంత తింటావో నేనూ చూస్తాను."

"అబ్బ, నోరు మంటెత్తిపోయిందే," అంటూ నవ్వుకుని గోడవైపు తిరిగాడు.

పొద్దు వాలాక టీ తెచ్చి పిలిచింది. పలకలేదు. భుజం పట్టి కదిపింది. మొహాన నవ్వు అలాగే ఉంది. మనిషి లేడు.

కేక విని పేట కదిలొచ్చింది. ఖైరున్నీసా వచ్చింది, శివపార్వతి వచ్చింది. ఊళ్ళో సూదులేసే ప్రేమ్‌చంద్ డాక్టరు వచ్చి నాడి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు.

"మధ్యాన్నం ఏం తిన్నాడు?"

"పచ్చడి. పండుమిరప పచ్చడి," అంది రాహేలమ్మ.

"ఈ వయసులో అంత కారం..." అని నోరు జారి, ప్రేమ్‌చంద్ తలెత్తాడు. చుట్టూ నల్లద్దాలు.

"మళ్ళీ మిరపకాయ మీదకే తెస్తున్నావా అబ్బాయ్?" అంది ఖైరున్నీసా.

"లేదు పిన్నమ్మా, లేదు. గుండె. గుండె ఆగింది, అంతే."

"ఎవరికి వినపడింది?" అంది రాహేలమ్మ. "అరుగెక్కి చెప్పు నాయనా. నలుగురికీ వినపడాల."

ప్రేమ్‌చంద్ అరుగెక్కాడు. పేటంతా వినపడేట్టు, గుండె ఆగి పోయాడని, తిన్నదాని వల్ల కాదని, ఆమె చేతి వంటలో ఏ దోషమూ లేదని చెప్పాడు. రాహేలమ్మ తలాడించింది. మొగుడి పక్కన కూచుని, కారం అంటిన అతని వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది.

"చప్పిడి నోటితో పోలేదులే," అంది. ఏడుస్తూనే నవ్వింది. ఆడవాళ్ళు కూడా ఆమెతో పాటు ఏడ్చారు, ఆమెతో పాటే నవ్వారు.

లోపల పొయ్యి పక్కన జాడీ మూత తీసే ఉంది. ఒక్క గరిటె తీసినచోట పచ్చడిలో చిన్న గుంట పడింది, ఆ గుంటలోకి నూనె మెల్లగా ఊరుతోంది.