లేని హోటలు ఎదురుగా

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, మూత బిగించి, రాజలింగు మూడో చొక్కా కాలరు మీదికి వచ్చేసరికి యూనివర్సిటీలో చదివే స్నిగ్ధ ఇస్త్రీబండి దగ్గర ఆగింది. థీసిస్ బైండింగు చేసే దుకాణం ఎక్కడని అడిగింది.

"ఇరానీ హోటల్ దాటినంక, కిరోసిన్ డిపో పక్క సందుల," అన్నాడు రాజలింగు చెయ్యి చాపి.

ఆ పిల్ల అటు చూసింది. మెట్రో మెట్లు, బట్టల షోరూము తప్ప ఏమీ లేవు. హోటలు పోయి పద్దెనిమిదేళ్లయింది. డిపో అంతకంటే ముందే పోయింది.

"లేని హోటలుకు తొవ్వ చెప్తడమ్మా ఈయన. నువ్వు ఆ బ్యాంకు పక్కకెల్లి పో," అని నవ్వింది అతని భార్య ప్రమీలమ్మ.

హైదరాబాదు తార్నాక రోడ్డు మీద రాజలింగు బండి పెట్టి నలభై రెండేళ్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండుసార్లు, మెట్రో వచ్చినప్పుడు ఒకసారి బండిని జరుపుకున్నాడు. ఒకప్పుడు క్యాంపస్ హాస్టళ్ల నుంచి ప్రమీలమ్మ మూటలు మూటలుగా ప్యాంట్లు మోసుకొచ్చేది. ఇప్పుడు పిల్లలకు నలిగిన బట్టలే ఫ్యాషను. కొత్త దుకాణాల పేర్లు రాజలింగు నేర్చుకోలేదు. ఆరునెలలకోసారి మారే బోర్డును గుర్తుపెట్టుకుని ఏం చేసుకోవాలని అతని పంతం. ఒట్టి మొండిఘటం.

పదకొండింటికి ప్రమీలమ్మ ఛాతీ పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూలబడింది. మూగినవాళ్లు గాలి విసిరారు. రాజలింగు అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

"తార్నాక మెయిన్ రోడ్డు. ఇరానీ హోటల్ ఎదురుంగ. జెల్ది రా బిడ్డా!"

అయిదు నిమిషాలన్నారు. పదిహేనయ్యాక డ్రైవరే ఫోన్ చేశాడు.

"హోటల్ ముందల్నే ఉన్నం తాతా. నువ్వు కనపడ్తలేవు."

"ఏ హోటలు?"

"తార్నాక దాటి హబ్సిగూడల, ఇరానీ చాయ్ అని బోర్డున్నది. మ్యాపుల గిదే చూపిస్తున్నది. పిల్లర్ నంబర్ చెప్పు."

రాజలింగు వెనక్కి తిరిగాడు. బండి పరదా తాడు కట్టిన మెట్రో స్తంభం మీద మూరెడు అంకెలున్నాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ చదవలేదు. ఒక్కో అంకె చదివి చెప్పాడు.

యూటర్న్ తిరిగి అంబులెన్సు వచ్చేసరికి ప్రమీలమ్మ చెయ్యి చల్లబడిపోయింది. డ్రైవరు నాడి చూసి, "ఇంకొంచెం ముందుగాల..." అని ఆగిపోయాడు. రాజలింగుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నాళ్లూ తన మాట సరిదిద్దింది ఆమే. ఇవాళ ఆమెకు మాట రాలేదు.

అంబులెన్సులో ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. తలుపు మూస్తుంటే ఒక్కసారి బండి వైపు చూశాడు. ఆమె నీళ్లు చల్లి చుట్టిపెట్టిన చొక్కా ఇంకా తడారలేదు.