బండిలో మంత్రం

వంశధార ఒడ్డు పల్లెలకు దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క ఆసుపత్రిలో దేవమణి నర్సు. ఆ ఏడు వరికోతలకు ముందు, పల్లెల్లో తిరిగే ఆరోగ్య సిబ్బంది కోసం డాక్టరు జగన్నాధం పాముకాటు మీద ఒక కాగితం రాసి, చూడమని ఆమెకిచ్చాడు. కరిచినచోట కొయ్యకూడదు, కాలు కదపకూడదు, వెంటనే ఆసుపత్రికి తేవాలి. అంతవరకూ బాగుంది. నాలుగో మాట, 'మంత్రగాడి గడప తొక్కనివ్వరాదు.'

పల్లెలో కాన్పులు చేసే గున్నమ్మకు దేవమణి అది చదివి వినిపించింది.

"నాలుగోది నా వల్ల కాదమ్మా," అంది గున్నమ్మ. పాము పేరెత్తడం అక్కడివాళ్లకు భయం, పురుగంటారు. "పురుగు ముట్టిందంటే ముందు సూరయ్య మావ కాడికే ఎల్తారు. అడ్డం నిలబడితే నన్ను తోసేసి ఎల్తారు."

నిరుడు పాము కరిచిన తాతమ్మ అనే ఆమె ఆ మంత్రగాడు సూరయ్య వాకిట్లోనే పూటంతా పడి ఉంది. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి లేదు. దేవమణికి ఆ కోపం ఇంకా చల్లారలేదు. అయినా మర్నాడు అతని ఇంటికి వెళ్లింది.

సూరయ్య తట్ట అల్లుతున్నాడు. దేవమణి కాగితం చదివి వినిపించినా తలెత్తలేదు.

"తాతమ్మ నా సెల్లి కూతురు," అన్నాడు తట్ట పక్కన పెట్టి. "మీ కాడ మందున్నాదని నాకెవులు సెప్పేరు?"

దేవమణి కాగితం మడిచి పెట్టింది. అతని పక్కనే నేలమీద కూర్చుంది.

"మంత్రం మానమనను తాతా. నడిచే బండిలో వేస్తే పారదా?"

"మంత్రానికి సోటేటి, ఏడైనా పారతాది," అన్నాడు సూరయ్య.

"సర్కారు కాగితంలో మంత్రం రాయమంటావా?" అన్నాడు డాక్టరు, ఆమె ఆసుపత్రికి వచ్చి చెప్పింది విని.

"రాయకపోతే మనుషులు మనదాకా రారండి."

ఆయన కలం తీసి, నాలుగో మాట కొట్టేశాడు. 'మంత్రం వేయిస్తామంటే బండి ఎక్కించాకే. బండి ఆగరాదు' అని రాశాడు.

కోతలు సగమయ్యాక ఒక మధ్యాహ్నం ఎద్దుబండి వచ్చింది. కూలిమనిషి దాలమ్మ కాలు కదలకుండా వెదురుబద్దకు కట్టి ఉంది. రెప్పలు వాలిపోతున్నాయి. తలదగ్గర కూర్చున్న సూరయ్యకు మంత్రం చదివి చదివి గొంతు పోయింది. డాక్టరు సూదిమందు ఎక్కించాడు. మూడోనాడు దాలమ్మ లేచి గంజి అడిగింది.

వరండా వదలని సూరయ్య, "ఆ మందు దేంతో సేస్తారమ్మా?" అని అడిగాడు.

"గుర్రానికి పాము విషం కొంచెం కొంచెం ఎక్కించి, దాని రక్తంలోంచి తీస్తారు తాతా."

సూరయ్య పొలాల వైపు చూశాడు.

"మరో రెండు సీసాలు తెప్పించండి. కోతలింకా అవనేదు."