మరియ పిడికిలి

ఇసుర్రాయి నాలుగు తిప్పులు తిరిగి ఆగింది. ఇంకా పిడికెడు తీయలేదన్న సంగతి మరియకు అప్పుడు గుర్తొచ్చింది. చాటలోని జొన్నల్లో చెయ్యి పెట్టి, గుప్పిట బిగించి, రాయి పక్కనున్న చిన్న మట్టి గురిగిలో వేసింది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. అయినా బొటనవేలు లోపలికి ముడుచుకునే ఉంది.

ఆ వేలి సంగతి చెప్పాలి. వేలు బయట ఉంచి పట్టిన పిడికిలికీ, లోపల ముడిచి పట్టిన పిడికిలికీ చూడటానికి పెద్ద తేడా ఉండదు. గింజలు మాత్రం మూడో వంతు తగ్గుతాయి.

ఎల్లారెడ్డి ఊరి చివర, కామారెడ్డి బాట వైపున్న ఆ వాడలో పద్నాలుగు ఇళ్లు. విసిరే ముందు ప్రతి ఇంట్లోనూ పిడికెడు జొన్నలు గురిగిలో పడాలి. ప్రభువు పేరు తలుచుకుని వేసేవాళ్లు కొందరు, పోచమ్మ పేరు తలుచుకుని వేసేవాళ్లు కొందరు. శనివారం సాయంత్రం అన్ని గురుగులూ ఒక గంపలో గుమ్మరించి, ఏ ఇంట్లో కూలికి పోగలిగిన మనిషి లేదో ఆ ఇంటికి చేర్చేవారు. ఎవరూ ఎవరి గడప ముందూ చెయ్యి చాపే పని లేదు.

మరియ మొగుడు యాకూబు కాలువ పనిలో జ్వరం తగిలి పోయిన ఏడు, ఆ గంప ఆరు నెలలు ఆమె గడపకే వచ్చింది. తర్వాత మళ్లీ తన వంతు వేయాల్సిన రోజు వచ్చినప్పుడు, చంకలో పిల్ల, మనసులో రేపటి భయం. వేలు దానంతటదే లోపలికి వెళ్లింది. ఆ పిల్ల ఇప్పుడు తాడ్వాయిలో కాపురం చేసుకుంటోంది. మరియది ఒక్క పొట్ట. కుండలో జొన్నలు నిండుగా ఉన్నాయి. భయం పోయింది గానీ వేలు బయటికి రాలేదు.

ఆమె పొదుపు వాడంతటికీ తెలుసు. రాయికి అంటిన పిండిని గుడ్డతో దులిపి, ఆ గుడ్డను కూడా అంబలి నీళ్లలో జాడిస్తుంది. ఉప్పు తప్ప అంగట్లో ఏదీ కొనదు. ఎక్కడో యుద్ధమని దీపాలకు గ్యాస్ నూనె దొరక్క ఊరంతా గోల పెడుతుంటే, పొద్దు ఉండగానే తిని పడుకునే మరియకు ఆ గోలే తెలియలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలదని కొందరు నవ్వుకున్నా, ఆమె చేతిలో గింజ కిందపడదని అందరూ ఒప్పుకున్నారు. అందుకే, ఏళ్ల తరబడి గురుగులు పోగుచేసిన పోచవ్వ వానాకాలంలో మంచాన పడ్డప్పుడు, ఆ పని మరియకు అప్పగించారు. అప్పటినుంచి తన గురిగిని కూడా తనే గంపలో గుమ్మరిస్తోంది. చూసేవాళ్లు లేరు. ఇప్పుడు గంప వెళ్లేది కూడా పోచవ్వ ఇంటికే.

ఆ శనివారం పొద్దున పనికి పోతూ, రోజూ లాగే పోచవ్వ గుడిసెలోకి తొంగి చూసింది. ముసలామె కుక్కి మంచంలో పీలికలా ఉంది. మంచం కింద గుడ్డ కప్పిన గురిగి ఒకటి ఉంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననవ్వా."

"నిజంగనే తిన్నవా?"

రోజూ ఇదే ప్రశ్న. మంచంలో ఉన్నది తను, అడిగేది నన్నా అని మరియకు విసుగొచ్చేది. ఊఁ కొట్టి కదిలింది.

కల్లంలో పొద్దంతా జొన్నలు తూర్పార పట్టింది. దుమ్ము కళ్లలోకీ, ముక్కులోకీ పోయి చెమటతో కలిసి మెడ మీద ముద్ద కట్టింది. సాయంత్రం కూలి కొలవడానికి పటేలు ఇంటి జీతగాడు సిద్దిరాములు సోలె పట్టుకుని కూర్చున్నాడు. సోలెను పట్టుకున్న చేతి బొటనవేలు అంచు దాటి లోపలికి దిగి ఉంది.

"వేలు తీసి కొలువు సిద్దిరాములన్నా. నీ వేలు గూడ నా కూలేనా?" అంది మరియ.

ఆడవాళ్లు నవ్వారు. సిద్దిరాములు కూడా నవ్వి వేలు తీశాడు.

"నీ కండ్లు మంచియే మరియా. ఎవని వేలు ఏడుందో ఎరుకైతది."

అతను యథాలాపంగా అన్నాడు. మరియకు తల కొట్టేసినట్టయింది. కొంగులో పోసిన జొన్నలను కూడా చూసుకోలేదు. ఇంటిదాకా కుడి చేతిని చీర మడతలో దాచుకుని నడిచింది. పదిహేనేళ్లుగా తను చేస్తున్నది దొంగతనమని ఆ దారిలో మొదటిసారి తనతో తను అనుకుంది.

ఇల్లు చేరగానే కాళ్లైనా కడగకుండా కూలి జొన్నల్ని పిడికిళ్లతో గురిగిలో వేసింది. ప్రతిసారీ వేలు బయట ఉందో లేదో చూసుకుంది. గురిగి పొంగి గింజలు నేల మీద పడ్డా ఆగలేదు. పోచవ్వ చేతిలోనే పోసి సంగతంతా చెప్పేయాలనుకుంది. వాడంతా తిరిగి, గంప నెత్తిన పెట్టుకుని ఆ గుడిసె ముందుకు వచ్చింది.

పక్కింటి ఈరవ్వ గడపలో కూర్చుని ఉంది. పోచవ్వకు విసిరి వండి పెట్టేది ఆమే.

"ఇప్పుడే పోయింది అక్కా. నీళ్లడిగింది. తెచ్చేసరికి లేదు."

మరియ గంప దించి అక్కడే చతికిలబడింది. ఈరవ్వ లోపలికి వెళ్లి, మంచం కింది గురిగి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. అది బరువుగా ఉంది.

"నీకే ఇయ్యుమన్నది. మీరు తెచ్చిపోసిన దాంట్లకెళ్లి, రోజు నేను విసిరే ముందు ఒక పిడికెడు తన చేత్తోని తీసి పెట్టింది. 'మరియ గురిగి ఎన్నడూ కురుచనే వస్తది, దాని ఇంట్ల గింజ లేనట్టుంది, అడిగితె సిగ్గుపడ్తది, నేను పోయినంక ఇయ్యి' అన్నది."

మరియ ఒళ్లోని గురిగిని కింద పెట్టింది.

"నా ఇంట్ల జొన్నలున్నయి ఈరవ్వా. కుండ నిండ ఉన్నయి. నేనే వేలు లోపట పెట్టి వేసిన."

బొటనవేలు ముడిచి పిడికిలి చూపించింది. ఈరవ్వ ఆ పిడికిలిని రెండు చేతులతో మెల్లగా కప్పింది.

"ఊకో అక్కా. మా ఇంట్ల లేనప్పుడు నేను గూడ గిట్లనే ఉన్నయని చెప్పిన."

మర్నాడు పొద్దున మరియ ఇసుర్రాయి ముందు కూర్చుంది గానీ రాయి తిప్పలేదు. పక్కన పోచవ్వ గురిగి, మూతికి కట్టిన పాత చీర పేలిక ముడి విప్పకుండా, అంచుదాకా జొన్నలతో అలాగే ఉంది.