నక్షత్రం లేని ప్రశ్న

ఉదయం ఎనిమిదిన్నర దాటాక నేను నీళ్ళు తాగను. ఇంట్లో అందరి సీసాలూ నేనే నింపుతాను. మా ఆయనకొకటి, కాలేజీకి వెళ్ళే అమ్మాయికొకటి, మంచం పక్కన పెట్టుకునే అత్తగారికొకటి. నాకు మాత్రం నింపుకోను. ఆఫీసులో అందరూ అది నా అలవాటనుకుంటారు. నాగవల్లి గారికి దాహం తక్కువ అంటారు. దాహం ఎవరికైనా తక్కువెందుకు ఉంటుంది? రాజమండ్రిలో నేను పనిచేసే జిల్లా కార్యాలయంలో ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది. తాళం వెనక పైకప్పు దాకా పాత ఫైళ్ళ కట్టలున్నాయి. ఏ శాఖో చెప్పను. మీకు తెలిసిన ఏ శాఖైనా అనుకోండి, పెద్దగా తేడా ఉండదు.

ఇరవై ఆరుగురం పనిచేస్తాం, అందులో పదకొండుమందిమి ఆడవాళ్ళం. అవసరమొస్తే వీధి చివర హెలెన్ టీచరు గారింటికి వెళ్ళాలి. లూథరన్ చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. మంచి మనిషి, ఎప్పుడూ కాదనలేదు. కానీ నలభై అయిదేళ్ళ మనిషిని, పరాయి గుమ్మం ముందు నిలబడి, ఆవిడ తలుపు తీసేదాకా నవ్వు మొహం పెట్టుకుని ఉండాలి. ఆవిడ ఊళ్ళో లేని రోజు ఆ నవ్వు కూడా అక్కర్లేదు. ఇవన్నీ కాక, బయటికి వెళ్ళేముందు మా సూపరింటెండెంటు ఆంజనేయరాజు గారికి చెప్పి వెళ్ళాలి. "ఐదు నిమిషాలండీ" అంటే ఆయన తలెత్తి గోడ గడియారం చూసి, "మళ్ళీనా అమ్మా" అంటారు. నేను మధ్యాహ్నం దాటాక ఒకే ఒక్కసారి వెళ్తాను. ఆ 'మళ్ళీ' ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా మా పదకొండుమందినీ కలిపి ఒకే మనిషిగా లెక్కేస్తారేమో.

ఏడాదికి రెండుసార్లు నాకు మూత్రంలో మంట, చలి జ్వరం. డాక్టరమ్మ ప్రతిసారీ నీళ్ళు బాగా తాగమంటుంది. నేను ప్రతిసారీ తలూపుతాను. మా ఆయన కూడా ప్రభుత్వోద్యోగే, ఇంకో శాఖలో. "మీ ఆఫీసులో మిగతా ఆడవాళ్ళకి లేని రోగం నీకే ఎందుకొస్తుంది" అని అడుగుతారు. మిగతా ఆడవాళ్ళను ఆయన ఎప్పుడడిగారో. మా అత్తగారు బుల్లెమ్మ గారైతే, "మేం తెల్లారకముందు వెళ్ళొస్తే మళ్ళీ దీపాలు పెట్టాకే. మేం బతకలేదా?" అంటారు. బతికారు. ఆపుకోవడం అనే విద్యలో అత్తగారు నాకంటే సీనియరు, నేను మా అమ్మాయికంటే సీనియరు. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు క్రమం తప్పకుండా వచ్చే ప్రమోషను అదొక్కటే.

ఆఫీసులో నాది సీనియర్ అసిస్టెంట్ సీటు. అసెంబ్లీ నుంచి వచ్చే ప్రశ్నలన్నిటికీ, మా ఆఫీసు భాషలో ఎల్.ఏ.క్యూలకు, జవాబులు తయారుచేసేది నేను. ఎమ్మెల్యేలు శాఖలను ప్రశ్నలు అడుగుతారు కదా, వాటిలో నక్షత్రం గుర్తు పెట్టినవాటికి మంత్రిగారు సభలో లేచి జవాబు చెప్పాలి, వెంటనే ఇంకో ప్రశ్న పడితే దానికీ చెప్పాలి. అందుకని వాటికి అందరూ భయపడతారు. నక్షత్రం లేనివాటికి కాగితం మీద జవాబిస్తే చాలు. అది సభలో బల్లమీదకు చేరుతుంది, తర్వాత ఎవరైనా చదివితే చదువుతారు. రెండు రకాలకూ సమాచారం వెళ్ళాల్సింది మాత్రం జిల్లాల నుంచే, మా జిల్లాలో అయితే నా బల్లమీద నుంచే. పదిహేనేళ్ళలో నేను నేర్చుకున్న విద్య ఏమిటంటే, జవాబు చెప్పకుండా జవాబు రాయడం. 'అవునండి.' 'లేదండి.' 'పరిశీలనలో ఉన్నది.' 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.' మా గోదావరి వాళ్ళలాగే సర్కారు కూడా అబద్ధానికి చివర ఒక 'అండి' తగిలిస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ మొదటిరోజు నన్ను పిలిచి, "ఎల్.ఏ.క్యూలు మీరే చూస్తారట కదమ్మా" అంటాడు. ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా వాటివైపు కన్నెత్తి చూడడు. రెండుసార్లు నా ప్రమోషను కాగితాలు ఆలస్యంగా వెళ్ళాయి. "మీరు పైకెళ్ళిపోతే మాకు డ్రాఫ్టులు ఎవరు రాస్తారమ్మా" అన్నారు రాజుగారు, నన్ను మెచ్చుకుంటున్నాననుకుని.

పోయినేడాది వర్షాకాలం సమావేశాల ముందు ఒక ప్రశ్న వచ్చింది. అడిగింది దేవకుమారి గారనే ఎమ్మెల్యే, మా జిల్లా మనిషి కాదు. '(అ) జిల్లా, మండల స్థాయి కార్యాలయాలలో మహిళా ఉద్యోగులకు ప్రత్యేక మరుగుదొడ్లు వినియోగంలో ఉన్న మాట వాస్తవమేనా. (ఆ) అయితే, కార్యాలయాల వారీగా వివరాలేమిటి. (ఇ) లేనట్లయితే, కారణాలేమిటి?' నక్షత్రం లేదు. మర్నాడు సాయంత్రం నాలుగింటికల్లా జవాబు పంపాలి. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. 'వినియోగంలో' అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగాను. 'ఉన్నాయా' అని అడిగుంటే చాలా సులువు. ఈవిడెవరో ఎక్కడో తాళం చూసిన మనిషి.

రాజుగారు అప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. మగవాళ్ళది మెట్ల పక్కనే, తాళం ఉండదు. ప్రశ్న చదివి నవ్వారు. "ఏంటమ్మా ఇది, అసెంబ్లీలో అడగడానికి ఈవిడకి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకలేదా? అన్నిచోట్లా ఉన్నాయని కొట్టేయండి. నక్షత్రం లేనిదే కదా, ఎవరూ లేచి అడగరు." పక్క సీట్లలో మగవాళ్ళు కూడా నవ్వారు. ఆపుకోవాల్సిన అవసరం లేని పొట్టలతో, నిశ్చింతగా.

జిల్లాలు విడిపోయాక మాదానితో కలిపి జిల్లాలో పద్నాలుగు ఆఫీసులున్నాయి. ఎప్పుడూ అధికారులకే ఫోన్ చేసేదాన్ని. ఆరోజూ వాళ్ళకే చేశాను. పదమూడుమందీ "ఉందండి" అన్నారు. అప్పుడు, ఎందుకో నాకే తెలియకుండా, "అక్కడ లేడీ స్టాఫ్ ఎవరైనా ఉంటే ఒకసారి ఫోన్ ఇవ్వండి" అన్నాను. నిడదవోలులో మంజుష అనే అమ్మాయి మాట్లాడింది. "ఉందండి, డోర్ లేదండి" అంది. మరి ఏం చేస్తావమ్మా అంటే, "రైల్వే స్టేషనుకి వెళ్తానండి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని" అంది, మామూలుగా, బజారుకెళ్ళి కూరలు తెచ్చుకుంటానన్నట్టు. కొవ్వూరు వైపు క్రిస్టినా, కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలకే సెలవు పెట్టేశానంది. "మా ఆఫీసరు గారు, ఈ రోజుల్లో ఆడపిల్లలకి ఓర్పు లేదన్నారండి." ఇంకొకామె, "మేడం, ఇది నిజంగా అసెంబ్లీకి వెళ్తుందాండి?" అని అడిగింది. వెళ్తుందన్నాను. "అయితే రాసుకోండి" అని గొంతు సవరించుకుంది, సాక్ష్యం చెప్పేదానిలా.

లెక్క తేలింది. కాగితం మీద పద్నాలుగు. వాడుకోగలిగినవి ఐదు. మిగతా తొమ్మిదిలో మాది మొదటిది.

పట్టిక తయారుచేసి చూపిస్తే రాజుగారు కళ్ళజోడు తీశారు. "ఇదేంటమ్మా? పద్నాలుగు చెయ్యండి." అలాగేనండీ అన్నాను. పదిహేనేళ్ళుగా అంటున్న మాటే. సీటుకొచ్చి కంప్యూటర్‌లో నోటు రాశాను. 'క్షేత్రస్థాయి సమాచారం మేరకు తొమ్మిది కార్యాలయాలలో సౌకర్యం వినియోగంలో లేదు. సూపరింటెండెంటు గారి మౌఖిక ఆదేశాల మేరకు, పద్నాలుగు కార్యాలయాలలోనూ ఉన్నట్లు మార్చడమైనది. రెండు పట్టికలూ జతచేయడమైనది. శాసనసభకు వాస్తవవిరుద్ధ సమాచారం ఇచ్చినచో సభాహక్కుల ఉల్లంఘన అయ్యే అవకాశం కలదని మనవి.' పంపించేశాను. పూర్వం కాగితం మీదైతే ఆయన చింపి బుట్టలో వేసేవారు. ఈ కంప్యూటర్ ఫైల్లో ఒకసారి పంపిన నోటును ఎవరూ చెరపలేరు. అది నాకు తెలుసు. ఆయనకు తెలియదని కూడా తెలుసు.

పది నిమిషాలకు నా బల్ల దగ్గరకు వచ్చారు. పదిహేనేళ్ళలో ఆయన లేచి నా దగ్గరకు రావడం అదే మొదలు. "ఏంటమ్మా ఇది?"

"నోటండి."

"ఇలా ఎవరన్నా రాస్తారా?"

"మీరు చెప్పిందే రాశానండి."

ఆయన వెనక్కి వెళ్ళిపోయారు. నాతో మాట్లాడాల్సింది మా ఆయనతో మాట్లాడారు. సాయంత్రం నేను ఇడ్లీకి పప్పు కడుగుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "రాజుగారు ఫోన్ చేశారు. పాపం, ఎంత మర్యాదగా మాట్లాడారో." మర్యాదగానే మాట్లాడతారు. ఒక ఉద్యోగిని మీద ఫిర్యాదు ఆవిడ మొగుడికి చేసే మనిషికి మర్యాద తక్కువెందుకవుతుంది? "దొడ్డి గురించి అసెంబ్లీకి రాశావంట. నలుగురిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నారు. అడిగింది ఎమ్మెల్యే, నేను జవాబు రాశానన్నాను. "నన్నొక మాట అడగాలి కదా" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మనిషి జ్వరాలకి సెలవు చీటీలూ, లోన్లకి దరఖాస్తులూ, యూనియన్ ఉపన్యాసాలూ అన్నీ నా చేతే రాయించుకున్నారు. నాకు మంట పుట్టి రాత్రంతా కూర్చున్న రోజుల్లో ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఇప్పుడు ఆయన తల గురించి నేను ఆలోచించాలట. హాల్లోంచి అత్తగారు, "సిగ్గులేని కాలం" అన్నారు. "రేపు మార్చెయ్యి" అని మా ఆయన వెళ్ళిపోయారు. నేను పప్పు కడగడం పూర్తిచేశాను. ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. కోపం రావడానికి అవతలి మనిషి మీద కాస్తయినా గౌరవం ఉండాలి. ఆ సంగతి సింకు ముందు నిలబడి, తడి చేతులతో, చాలా చల్లగా నాకు అర్థమైంది.

మర్నాడు మా జిల్లా అధికారి ఆ నోటు చదివారు. రెండేళ్ళలో ఆయన పూర్తిగా చదివిన మొదటి నోటు అదే అయి ఉంటుంది. సభాహక్కులు అన్న మాట దగ్గర ఆగి, ఎవరికో ఫోన్ చేసి, 'ఐదు' ఉన్న పట్టిక మీద సంతకం పెట్టారు. న్యాయం కోసం కాదు, తన ఉద్యోగం కోసం. నాకు సంతకం కావాలి, ఆయన అంతరాత్మ కాదు.

నెలకు జవాబు అచ్చయి వచ్చింది. జిల్లాల వారీ పట్టిక. అన్ని జిల్లాలకూ ఎన్ని ఆఫీసులుంటే అన్ని మరుగుదొడ్లు. మా జిల్లా దగ్గర మాత్రం పద్నాలుగుకు ఐదు. రాష్ట్రం మొత్తమ్మీద మా ఆడవాళ్ళకే అవసరం వస్తుందన్నట్టుంది ఆ పట్టిక. పేపర్లో చిన్న వార్త పడింది. దేవకుమారి గారు వదల్లేదు. ఈ ఒక్క జిల్లా అబద్ధమా, మిగతావన్నీ అబద్ధమా అని ఇంకో ప్రశ్న పంపారు. ఈసారి నక్షత్రంతో. అప్పుడు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి.

తాళం తీశారు. ఫైళ్ళ కట్టలు వరండాలో పడ్డాయి, లోపల ఎలుకలు, బూజు. మా అధికారి చాలా ఉదారంగా, "మీ లేడీస్ అందరూ కలిసి శుభ్రం చేసుకోండమ్మా" అన్నారు. అటెండరు పాపాయమ్మ చీపురు పట్టుకుని లేచింది. కూర్చోమన్నాను. "మగవాళ్ళది ఎవరు కడుగుతారో వాళ్ళనే పిలిపించండి" అన్నాను. పిలిపించారు. నిడదవోలుకు తలుపు వెళ్ళింది. ఆ రోజు మంజుష ఫోన్ చేసి, గడియ కూడా ఉందండీ అని చెప్పి పెట్టేసింది.

వారం తర్వాత అధికారి నన్ను లోపలికి పిలిచారు. రాజుగారు పక్కనే నిలబడి ఉన్నారు. "మీమీద ఒక మెమో ఇమ్మని పైనుంచి వచ్చిందమ్మా. కింది ఆఫీసుల లేడీ స్టాఫ్‌తో నేరుగా మాట్లాడారని. ఊరికే ఫార్మాలిటీ. మీరే ఒక డ్రాఫ్టు పెట్టేయండి, నేను సంతకం చేసేస్తాను."

ఆయన వేళాకోళం చేయడం లేదు. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. నా మీద అభియోగం కూడా నేనే రాయాలన్నది, ఇంకెవరూ రాయలేరన్నది ఆయనకు నిజంగానే మామూలు విషయం. ఇంట్లో సాయంత్రం మా ఆయనకు చెబితే, "రాసిచ్చేయరాదూ, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

"అది నా సీటు పని కాదండి" అన్నాను మర్నాడు అధికారితో.

"మరి ఎవరు రాస్తారమ్మా?" అని అడిగారు. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

రెండు నెలలు గడిచాయి. రాజుగారు రాసిన మొదటి డ్రాఫ్టు బాగోలేదని వెనక్కి వచ్చిందట, రెండోదీ వచ్చిందట. నిన్న మధ్యాహ్నం ఆయన ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డారు. "ఏమీ అనుకోకండమ్మా. ఒకసారి చూసి పెడతారా? భాష సరిగ్గా ఉందో లేదోనని."

చదివాను. నా హోదా తప్పు. తేదీ తప్పు. ఏ నిబంధన కింద సంజాయిషీ అడుగుతున్నారో అది పూర్తిగా తప్పు. ఆ కాగితం మీద సంతకం పడితే, దాన్ని కొట్టేయించడానికి నాకు ఒక పేరా చాలు.

"చాలా బాగుందండి" అన్నాను. "సంతకానికి పెట్టేయండి."