నెల అంటే

ఆరిన దుప్పట్లు మడతపెడుతున్న ఆమె ఒళ్ళో మాస్టారు ఒక కాయితాల కట్ట పెట్టారు. “ప్రెస్సు నుంచి ప్రూఫులొచ్చాయి. తప్పులు చూసి పెట్టు. నీ కళ్ళు మంచివి, నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి,” అన్నారు. దుప్పటి సగం మడతలో ఉండిపోయింది. ఇంకో కొస పట్టుకోమంటే పట్టుకునేవారేమో గానీ, అలా అడగడం కంటే ఒక్కతే మడతపెట్టుకోవడం తేలికని ఆమె ఎప్పుడో నేర్చుకుంది.

ఆమె భర్తను అందరూ మాస్టారనే అంటారు, కాలేజీలో తెలుగు చెబుతారు. చంద్రుడి చుట్టూ అల్లుకున్న మాటలూ సామెతలూ ఒక పుస్తకంగా వెయ్యాలని ఏళ్ళ తరబడి పోగుచేస్తున్నారు. ఆమె ప్రసూతి వార్డులో నర్సు. అక్కడ అందరూ సిస్టరమ్మా అంటారు. ఇంట్లో పిలుపంటూ లేదు, “ఇదిగో” అంటే ఆమే పలకాలి. శశాంకుడు, సుధాకరుడు లాంటి పెద్దమనుషులంతా మాస్టారి బీరువాలోంచి దిగి పుస్తకంలోకి వచ్చారు. మిగతావాళ్ళు వంటింట్లోంచి వచ్చారు. గిన్నెలు తోముతూ ఆమె ఎవరినో తలుచుకుని, “పాపం, ఆ పిల్ల చదువంతా అడవిగాచిన వెన్నెలైపోయింది,” అనేది. ముందుగదిలోంచి కేక వచ్చేది: “ఏమన్నావ్? ఇటొచ్చి చెప్పు!” సబ్బు చేతులతోనే వెళ్ళి చెప్పివచ్చేది. ఆయన రాసుకునేవారు. గిన్నెలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి. పిండారబోసినట్టు వెన్నెల అన్న మాటకి ఆయన తెగ మురిసిపోయి, ఇది ఏ మహాకవి అన్నాడో అన్నారు. అన్నది కవి కాదు, పిండి ఆరబోసి, నడుం పట్టేసి, ఒక్కసారి తలెత్తి చూసిన ఏ ఇల్లాలో అయ్యుంటుందని ఆమెకు నోటిదాకా వచ్చింది. ఇంతలో పాలు పొంగాయి.

ఆమె ప్రూఫులు ముందుమాటతో మొదలుపెట్టింది. సాయం చేసినవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, కాయితం అమ్మిన దుకాణదారు పేరుతో సహా. చివర్న, “వేళకు కాఫీ అందించిన నా శ్రీమతికి చంద్రుడికో నూలుపోగు” అని ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. చంద్రుడికి నూలుపోగు చాలని తీర్మానించింది ఇచ్చేవాళ్ళే గానీ చంద్రుడు కాదు. చలేస్తోందేమో, కప్పుకోవడానికి దుప్పటి కావాలేమో, ఎవరైనా కనుక్కున్నారా?

‘న’ అక్షరం దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నెలవంక ఉంది. నెలరాజూ, నెలబాలుడూ ఉన్నారు. తనిచ్చిన ‘నెలసరి’ కనబడలేదు. ‘నెల తప్పడం’, ‘నెలలు నిండడం’, ‘నెలల పిల్ల’ కూడా కనబడలేదు. వార్డులో పగలంతా ఆమె చెవుల్లో మోగే మాటలవి.

“ఓ నాలుగు మాటలు పడిపోయాయండీ,” అంది.

“పడిపోలేదు, నేనే తీసేశాను. పదిమందిలో ఆవిష్కరించే పుస్తకం. అందులో ఆసుపత్రి మాటలెందుకు?”

“నెలంటే చంద్రుడేగా. చంద్రుణ్ణి చూసేగా నెలలు లెక్కపెట్టుకుంది.”

“నెలవంకలో నెల చంద్రుడు. నువ్వు చెప్పేదాంట్లో నెలంటే ముప్ఫై రోజులు, అంతే. అమావాస్యకీ అబ్దుల్ ఖాదరుకీ ఏమిటి సంబంధం?” అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నారు. ఆ సామెత కూడా ఆమె ఇచ్చిందే. “అయినా అవి నలుగురిలో అనుకునే మాటలా? సిగ్గుగా ఉండదూ?”

సిగ్గట. పెళ్ళయిన కొత్తలో అత్తగారికి ఈ సిగ్గు ఎటు పోయింది? ముందుగది నిండా చుట్టాలుండగా, ఆమె పళ్ళెంలో మంచినీళ్ళు తెస్తుంటే, “ఏమ్మా, ఈ నెలైనా తప్పిందా?” అని అడిగేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది. గ్లాసులు తీసుకుంటూనే అందరూ అయ్యో అనేవారు. “మహాతల్లికి నెలనెలా గడియారం కొట్టినట్టే,” అని అత్తగారు ఒకసారి అంటే, ఇదే మాస్టారు పేపరు వెనకాల నవ్వారు. డాక్టర్ల చుట్టూ ఆమే తిరిగింది. “నాకేం, నేను బాగానే ఉన్నాను,” అని ఆయన గడప దాటలేదు. నెల ఎన్నడూ తప్పలేదు. ఈ ఇంటి గోడలక్కూడా కంఠతా వచ్చిన మాట అది. ఆమెను నిలదీయడానికి పనికొచ్చిన మాట, ఆమె ఇచ్చేసరికి అచ్చుకి పనికిరాకుండా పోయింది. రోజూ ఎవరెవరి బిడ్డల్నో తడి ఒంటితో చేతుల్లోకి తీసుకుని, “నెలలు నిండిన పిల్లమ్మా, బంగారంలా ఉంది,” అని తల్లులకు చెప్పి చెప్పి, ఆమె ఆ మాటలతో రాజీపడింది. అత్తగారి నోట ముల్లయినదాన్ని తన నోట మెత్తబరుచుకుంది. అలా మెత్తబడ్డాకే పుస్తకానికిచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, వణుకూ కేకలూ లేని శుభ్రమైన కోపం. పైగా ఇప్పుడు ఆ నెలసరి కూడా ఆగిపోయింది. కూర్చున్నచోట ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతాయి, చీర చెమటకు తడిసిపోతుంది. వచ్చినన్నాళ్ళూ ఊరూవాడా లెక్కపెట్టారు, ఆగిపోతే ఏమని అడిగిన నాథుడు లేడు.

ఆమె కట్టను సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

వార్డు పక్కగదిలో ఆయమ్మ ఉతికిన పక్కగుడ్డలు మడతపెడుతోంది. సిస్టరమ్మ రెండో కొస అందుకుంది. ఆయమ్మ మొహమంతా చెమట.

“ఏడాదైందమ్మా నాకు ఆగిపోయి,” అంది ఆయమ్మ. “మా ఆయన, ఇక నువ్వు ముసలిదానివే అంటాడు. డాక్టరమ్మ చెప్పే ఇంగ్లీషు మాటేమో నోరు తిరగదు. మన మాట అందామా, ముట్లుడిగాయంటే మనిషే ఉడిగిపోయినట్టుంటుంది. దీనికి ఒక్క మంచి మాట లేదా సిస్టరమ్మా?”

సిస్టరమ్మ గుడ్డ కొస పట్టుకుని ఆలోచించింది. నెలతో మొదలయ్యేవన్నీ వచ్చేవీ, తప్పేవీ, నిండేవీ. అయిపోయాక ఆడదానికి అందులో ఒక్క మాటా లేదు.

“నెలవిడుపు,” అంది మెల్లగా. “గ్రహణం పట్టిన చంద్రుడు బయటపడితే విడుపు అంటాం కదా. అలాగే.”

“ఎవరన్నారు ఈ మాట?”

“నేనే. ఇప్పుడే.”

ఆయమ్మ ఆ మాటను రెండుసార్లు అని చూసుకుంది. “బావుందమ్మా. నాకు విడుపొచ్చింది, ఇక ఒళ్ళు దగ్గరపెట్టుకుని మాట్లాడు అని చెప్తా ఆయనకి!” అని పకపకా నవ్వింది. సిస్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే ఫోను మోగింది.

“కాయితాలేవి? ప్రెస్సాయన వచ్చి కూర్చున్నాడు,” అన్నారు మాస్టారు.

“నా దగ్గరే ఉన్నాయి. ఆ నాలుగు మాటలూ మళ్ళీ చేర్చి, అట్ట మీద మీ పేరు పక్కన నా పేరు వేయిస్తే ఇస్తాను.”

“బెదిరిస్తున్నావా?”

“లేదండీ, చెబుతున్నాను.”

“వెయ్యకపోతే?”

“నేనిచ్చిన మాటలు తీసేసి, మిగిలినవి మీరు వేసుకోండి. నావి నేను వేసుకుంటాను.”

ఆమె గొంతు కొంచెమైనా పెరగలేదు. అదే ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది.

“అసలు నీకేమైంది ఇవాళ?” అన్నారు, నిజంగానే అర్థం కాక.

“నెలవిడుపు,” అంది ఆమె.