పడ్డ మాట ఎవరు మోయాలి

కరెంటాఫీసులో చేరిన మొదటి రోజు సాయంత్రానికి నిస్సీ వాటాకు వచ్చినవి రెండు బండలు, గుప్పెడు పలుకురాళ్లు.

"మొదటి రోజుకు మేలే పాపా," అంది బిల్లుల కౌంటరులో పక్క సీటు యశోదమ్మ. "నాకైతే ఐదు పడినాయి. వాటితోనే తులసికోట కట్టుకుంటిమి."

బేతంచెర్ల చుట్టుపక్కల బండలకు కొదవేముంది? గనుల్లో కోసేవి కోస్తుంటే, దగ్గర్లోని ఆ ఊరి కరెంటాఫీసులో నోటి నుంచి రాలేవి రాలుతుండేవి. ఆఫీసు పెద్ద, ఏఈ దేవేంద్రప్ప బండబూతు తిట్టాడంటే తిట్లు తిన్నవాళ్ల కాళ్ల ముందు దభీమని ఒక బండ పడేది. కోపాన్ని బట్టి మందం. వెటకారం చేస్తే మాత్రం సన్నటి పలుకురాళ్లు పడి, చెప్పుల్లో దూరి రోజంతా గుచ్చేవి. బిల్లు ఎక్కువొచ్చిందని కౌంటరు అవతల జనం అరిచినా అంతే, బండ ఇవతలే పడేది.

ఆఫీసు ఆనవాయితీ ఒకటుంది. మాట పడ్డవాళ్లే దాన్ని మోసుకుపోవాలి. సాయంత్రం కాగానే ఒక చేత క్యారియరు, ఒక చంకన బండతో అందరూ ఇళ్లకు బయలుదేరేవాళ్లు. నిస్సీ తనవి స్కూటీ ముందు పెట్టుకుని పోయేది.

బీకాం చదివిన పిల్ల. లెక్కలంటే మంచినీళ్లు తాగినంత సులువు. నెల తిరక్కుండానే ఆమెకు ఒకటి అర్థమైంది. ఆఫీసులో పడే బండల్లో సగం లైన్‌మన్ ఓబుళేశు ఒక్కడివే.

ఓబుళేశుకు యాభై దాటాయి. స్తంభం మీద ఉన్నంతసేపు హాయిగా ఉండేవాడు. అంత ఎత్తుకు సారు రాలేడు కదా.

"మా ఇంట్లో ఫ్లోరింగంతా సారు పుణ్యమే పాపా," అనేవాడు. "వసారా అయిపాయ, గొడ్ల కొట్టం అయిపాయ. ఇంక మేడ మీద వేయాల."

"వదినేమంటాదన్నా?"

ఓబుళేశు నవ్వు కాస్త తగ్గింది. "మా ఉరుకుందమ్మ వసారాలో గూడా చెప్పులేసుకునే తిరుగుతాది. వట్టికాళ్లతో తొక్కితే నన్నన్న మాటలు పాదాలకు తగుల్తాండాయంట. ఏం జేస్తాం? పడ్డోడెప్పుడూ చెడ్డోడు కాదులే."

ఆ సోమవారం ఏదో పల్లెలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. సారు ఓబుళేశును పిలిచి, తన గది వాకిట్లోనే నిలబెట్టి, అందరి ముందరా తిట్టాడు. తలుపంత బండ పడింది. దాన్ని ఎత్తబోయిన ఓబుళేశు "యమ్మా" అంటూ సగం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నిస్సీ, యశోదమ్మ చెరో పక్క పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు.

"నడుము పాయ పాపా. ఇంక స్తంభమెక్కలేను. శనివారం రాజీనామా రాసిస్తా. సర్వీసు శానా ఉండాది గానీ..." నవ్వబోయాడు. రాలేదు.

నిస్సీ వాకిట్లో పడున్న బండ వైపు చూసింది. "పడ్డోడు చెడ్డోడు కాదు, సరే. మోసేది గూడా పడ్డోడేనా అన్నా?"

ఈ సారువీ, ఇంతకుముందు సార్లవీ అందరూ మోస్తూనే వచ్చారు గానీ ఆ మాట ఎవరూ అడిగింది లేదు.

"ఆడనే ఉండనీ," అంది నిస్సీ.

ఉండనిచ్చారు. మర్నాడు నిస్సీకి పడింది, ఆమె ముట్టుకోలేదు. యశోదమ్మకు పడింది. "మోకాళ్ల నొప్పి సార్," అని తన సీటుకు పోయింది. "ఎవురివి వాళ్లు తీసకపోండి!" అని సారు నాలుగు తిట్లు కలిపి అరిస్తే, దానికింకో బండ పడింది. తీయమని అరిచేకొద్దీ గుట్ట పెరుగుతోంది. తిట్లు తినేవాళ్లందరూ నిలబడేది ఆ వాకిట్లోనే మరి! సారు ప్యాంటు పైకి లాక్కుని, ప్రహరీ దూకినట్టు దూకి లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

"మూడు దినాలకు నాలుగడుగులు లేసింది," అంది నిస్సీ బుధవారం సాయంత్రం. "వాకిలి ఆరున్నర. ఈ లెక్కన శుక్రవారం పొద్దు గూకేతలికి మూసకపోతాది."

లెక్క తప్పింది. ఎవరో ఈ మాట సారు చెవిన వేశారు. గురువారం భోజనం చేసి లోపలికి దూకిన సారు అది విని ఒకటే అరుపులు. మూడు గంటలకల్లా వాకిలి పైన జానెడు సందు మిగిలింది. కిటికీకేమో ఇనుప చువ్వలు.

చాలాసేపటికి ఆ సందులోంచి సన్నగా గొంతు వినిపించింది. "యశోదమ్మా... రవ్వంత నీళ్లియ్యి తల్లీ."

ఒక్క పలుకురాయి కూడా రాలలేదు. యశోదమ్మ గ్లాసు సందులోంచి అందించింది.

"ఈ బండలు తీయించమ్మా నిస్సీ."

"తీద్దాం సార్. మీరు పైనుంచి ఎత్తి అందీండి. ఇవతల మేం పట్టుకుంటాం."

దేవేంద్రప్ప పై బండను రెండు చేతులా ఎత్తాడు. ఎదదాకా తెచ్చి, ఆయాసపడుతూ దించేశాడు.

"ఇంత బరువుండాదేందమ్మా ఇది?"

బెంచీ మీద నుంచి ఓబుళేశు అన్నాడు. "అది శిన్నది సార్. నాది అడుగున ఉండాది."

ముందెవరు నవ్వారో తెలియదు గానీ ఆఫీసంతా నవ్వింది. గోడవతల నుంచి కూడా ఒక నవ్వు, దగ్గుతో కలిసి వచ్చింది.

దీపాలు పెట్టేవేళ దాకా సారు ఒక్కొక్కటే అందించాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. చివరికి అడుగుబండ దగ్గరికొచ్చి దాన్ని కదిలించబోయాడు, అది కదల్లేదు. దాని మీదే చతికిలబడి, అరచేతులు చూసుకుంటూ ఓబుళేశును పిలిచాడు.

"రాజీనామా రాస్తివా?"

"శనివారం రాద్దామనుకుంటి సార్."

"రాయొద్దప్పా." సారు మెడ తుడుచుకున్నాడు. "స్తంభాలు పిల్లోళ్లెక్కుతారు. నువ్వు కింద నిలబడి నేర్పించు. నాది తప్పైపాయ."

సారు నోట 'అప్పా' అనే ఆప్యాయమైన పిలుపు ఓబుళేశు ఎన్నడూ విని ఎరగడు. అదెక్కడ పడిందోనని అలవాటు కొద్దీ కాళ్ల కింద చూసుకున్నాడు. వట్టి నేలే ఉంది.

సోమవారం నుంచి ఆఫీసులో ఆనవాయితీ మారింది. మాట ఎవరిదో బండ వాళ్లదే. సారు ఎవరినైనా పిలిస్తే ముందు కుర్చీ చూపించి, ఒక గుక్క నీళ్లు తాగి, అప్పుడు మొదలుపెడుతున్నాడు. ఓబుళేశు కుర్రాళ్లను వెంటేసుకుని లైను మీదికి పోయాడు.

పదకొండు గంటలకు ఒకాయన బిల్లు ఊపుకుంటూ వచ్చి కౌంటరు చువ్వలు దడదడ బాదాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. నిస్సీ కుర్చీ పక్కనే దభీమని బండ పడింది.

"వీళ్లతో ఎట్ల పాపా?" అంది యశోదమ్మ గుసగుసగా. "వీళ్లు మన ఆఫీసోళ్లు గాదే!"

నిస్సీ లేచి చున్నీ సర్దుకుంది. పక్క తలుపు గడియ తీసింది.

"అన్నా, బిల్లు నేను చూస్తా," అంది నవ్వుతూ. "ముందు ఒకసారి లోపలికి రాండి. మీదొకటి ఈడ పడిపోయింది."