పందొమ్మిదో రాయి

మల్లి గుంతలో పడలేదు. తనే దిగింది. ముందు పడింది మేకపిల్ల.

ఆ రోజు తండ్రి కాటమరాజు గొర్రెలకు మందు తెస్తానని పొద్దున్నే కంభం పోయాడు. మందను నాయనమ్మ రంగనాయకమ్మ ఊరి దగ్గరే మేపుతోంది. పదో తరగతి పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్న మల్లి నాలుగు మేకలనూ ఒక పిల్లనూ తోలుకుని ఎర్రబీడు మీదికి వచ్చింది. బీడు పడమటి కొసన, చిన్న గుట్ట వెనక, తమ నాలుగెకరాల భూమి చెక్క ఉంది. అక్కడ ఎవరో కొట్టి పడేసినట్టు పచ్చని తుమ్మరొట్ట కుప్పగా కనిపించింది.

రొట్ట కనిపిస్తే మేకలు ఆగవు. పుట్టినప్పటి నుంచీ వాటికి తెలిసింది ఒకటే: కాటమరాజు కొసకు కొడవలి కట్టిన దోటితో తుమ్మకొమ్మలు తెగ్గొట్టి కింద పడేస్తాడు, తాము పరుగెత్తి మేయాలి. అలాగే పరుగెత్తాయి. అన్నిటికంటే ముందు పోయిన పిల్ల కొమ్మల మీదికి ఎక్కింది. కొమ్మలు వంగాయి. పిల్ల కనిపించలేదు. కింద నుంచి అరుపు మాత్రం వినిపించింది.

మల్లి కొమ్మలు పక్కకు లాగి చూసింది. రెండు నిలువుల లోతు గుంత. నాలుగు వైపులా కత్తితో కోసినట్టు ఉంది. గోడల మీద యంత్రం పళ్ళ గీతలు. ఒక మూల మాత్రం కొంచెం వాలుగా ఉంటే, అక్కడ కూర్చుని జారుతూ దిగింది. ఆ వాలులోనే నిలబడి పిల్లను భుజాల మీదికి ఎత్తి గట్టుకు ఆనిస్తే, అది వెనక కాళ్ళతో ఆమె చెవి మీద తన్ని పైకి ఎక్కిపోయింది.

తనకే ఎక్కడం రాలేదు. చెయ్యి పెట్టిన చోటల్లా నల్లటి పలక రాయి పొరలు పొరలుగా ఊడి వస్తోంది. మూడుసార్లు ఎక్కబోయి మూడుసార్లూ మోచేతులు గీసుకుపోయి కింద పడింది. నాలుగోసారికి వాలుగా ఉన్న ఆ మూల కూడా కూలి నిలువు గోడైపోయింది.

అరవాలి. నోరు తెరిచింది. బడిలో హాజరు పలకడానికే రెండుసార్లు గొంతు సవరించుకునే పిల్ల. “ఓ...” అన్నది గానీ ఆ కేక గుంత అంచు దాకా కూడా పోయినట్టు లేదు. పైన మేకలు తీరిగ్గా రొట్ట నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు, తనతో పాటు కింద పడిన కొమ్మలను చూసింది. తెగిన చోటల్లా నరుకు కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా ఉంది. ఊళ్ళో ఎడమచేతి వాటంతో దోటి పట్టేది ఒక్కడే మనిషి.

మల్లి మళ్ళీ అరవలేదు.

ఎర్రబీడు అరవై ఎకరాలు. పదకొండు ఇళ్ళవాళ్ళది. పదేళ్ళ కిందట రోడ్డు వెంబడి చేలన్నీ ప్లాట్లయి తెల్లరాళ్ళు మొలుస్తుంటే, బడి నుంచి రిటైరైన వరప్రసాదం సారు ఇల్లిల్లూ తిరిగి ఒక ట్రస్టు పెట్టించాడు. పట్టాలు ఎవరివి వాళ్ళ పేరు మీదే ఉంటాయి. దున్నుకోవచ్చు, మేపుకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు. ప్లాట్లు వేయకూడదు, తవ్వకూడదు, కంచె కట్టి దారి మూయకూడదు. అమ్ముకుంటే కొన్నవాడికీ అదే కట్టుబాటు. ఇదంతా కాగితం మీద రాసి రిజిస్టరు చేయించారు. కాటమరాజు అందరికంటే ముందు సంతకం చేశాడు. చెక్కలన్నీ కలిసి ఉంటేనే మంద తిరుగుతుంది, మధ్యలో ఒక్కటి పోయినా మిగిలింది మేతకు పనికిరాదని ఆ రోజు అందరికీ నచ్చజెప్పింది కూడా అతనే.

ఏటా తొలకరి పడగానే అందరూ మందతో సహా బీడు హద్దు చుట్టూ నడుస్తారు. ముప్పై రెండు రాళ్ళు. ఎవరి చెక్కలో వాళ్ళే మంద ముందు నడవాలి. ప్రతి రాయి దగ్గరా ఆగి, ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాయాలి. రాసి పుస్తకం మూసేదాకా మనిషి గానీ గొర్రె గానీ ఆ రాయి దాటకూడదు. మొదటి రెండేళ్ళు నడిచొచ్చి, టీ తాగి, చివర్లో “అంతా బాగుంది” అని ఒక్క ముక్క రాసేవాళ్ళు. మూడో ఏడు చూస్తే ఏడో రాయే లేదు. అప్పటి నుంచి ఈ పద్ధతి.

రెండేళ్ళుగా ఆ పుస్తకం రాస్తున్నది మల్లి. దస్తూరి ముత్యాల్లా ఉంటుందని సారే పెట్టాడు. ఈ ఏటి నడక రేపే.

ఎండ నడినెత్తికి వచ్చాక పైన చెప్పుల చప్పుడైంది. కంభం నుంచి తిరిగొచ్చిన కాటమరాజు భుజాన దోటితో గుంతలోకి వంగి చూశాడు.

“మల్లీ! నువ్వా! ఇంకెవరన్నా చూసినారా?”

మల్లి తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత అడిగాడు. “దెబ్బ తగిలిందా తల్లీ?”

దోటి కర్రకు తలగుడ్డ ముడేసి దింపి, ఆమెను పైకి లాగాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కాటమరాజు మోకాలు చాపి రెండు చేతులతో నొక్కుకున్నాడు.

“తొందర్లో చెయ్యి దాని పని అది చేసింది. కంప కొట్టాల్సింది, రొట్ట కొట్టినా. మేకల్ని పిలిచినట్టే అయింది.” నవ్వబోయి మానేశాడు. “మార్కాపురంలో పవన్ కుమార్ అని ఒకాయనకు పలకల క్వారీ ఉంది. మచ్చుకు తవ్వి చూస్తానన్నాడు. ఊరంతా వెలిగండ్ల పెళ్ళికి పోయినప్పుడు మిషను తెప్పించినా. జాడలు కనపడకుండా మందను నాలుగుసార్లు అటూ ఇటూ తోలినా. రాయి బాగుందంట. పని మొదలైతే నాకు వాచ్‌మెన్ పని ఇస్తాడు.”

మల్లి మోచేతులకు అంటిన మట్టి దులుపుకుంది.

“ఏటా సంక్రాంతి పోంగానే నిన్ను మీ నాయనమ్మ దగ్గర వదిలిపెట్టి మందను తోలుకొని కృష్ణా జిల్లా వరిమళ్ళకు పోతాం. వానలు పడేదాకా మళ్ళ ఊరి మొహం చూడం. ఇంక ఈ కాలుతో నా వల్ల కాదమ్మా. పోయినేడు మేం పోయేటప్పుడు నువ్వు మంద ఎనకాల చెరువుకట్ట దాకా నడిసొచ్చినావు. పొమ్మంటే పోలేదు, ఏం కావాలంటే చెప్పలేదు. మీ అమ్మ దావ పొడుగునా ఏడ్సింది.” అతను గుంత వైపు చూశాడు. “ఈ పని దొరికితే అందరం ఒకచోట ఉంటాం. రేపు పందొమ్మిదో రాయి దగ్గర ఊరకే రాయి ఉందని రాయి. అంతే. అబద్ధం రాయమనట్లేదు గదా.”

“గొర్రెలు?” అంది మల్లి.

“అమ్మేద్దాం,” అన్నాడు కాటమరాజు, ఆమె వైపు చూడకుండా.

సాయంత్రం ఇంట్లో అమ్మ ఆమె మోచేతులకు పసుపు పెట్టింది. కంపలో పడిందని నాయన చెప్పాడు. అమ్మకు గుంత సంగతి తెలియదు. ఊళ్ళోనే ఏదో పని దొరికిందని మాత్రమే తెలుసు. వలస పోయినప్పుడు మంద దగ్గర వండుకునే గంగాళం ఎప్పుడూ బయట చూరు కింద బోర్లించి ఉండేది. ఆ రోజు అమ్మ దాన్ని ఇసుకతో తోమి, లోపల అటక మీద పెట్టింది.

“ఇంక దీంతో పనేముందిలే. నీ పెళ్ళికి దించుతా,” అని నవ్వింది. అమ్మ అలా నవ్వడం చూసి చాలా రోజులైంది. మల్లి అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు పొద్దున నడక మొదలైంది. వరప్రసాదం సారు గొడుగు చేత్తో పట్టుకుని ఒక్కో రాయినీ తట్టి చూస్తున్నాడు. రంగనాయకమ్మ మంద వెనక ఉంది. మిగతా ఇళ్ళవాళ్ళు ఒకరో ఇద్దరో వచ్చారు. వాళ్ళలో రమేష్ ఉంటే అలుపు తెలియదు, అతని నోరు మూతపడదు.

“ఏం మల్లీ, ఈ ఏడన్నా నోరు తెరుస్తావా? నువ్వు తెరిస్తే ఇంకో పదును వాన పడతాదని ఊరంతా కాసుకొని ఉండారు.”

“నీ నోటికి ఉన్న వాన కూడా ఆగిపోతాది లేరా,” అంది రంగనాయకమ్మ వెనక నుంచి.

ఒకటి, రెండు, మూడు. రాయి ఉంది, రంగు ఉంది. పదకొండో రాయి ఒరిగింది, నిలబెట్టాలి. పద్నాలుగు దగ్గర దారికి అడ్డంగా చెట్టు పడింది. మల్లి రాస్తూ, మూస్తూ, నడుస్తోంది. పద్దెనిమిది దాటాక సారు అన్నాడు. “ఇంక కాటమరాజు ముందుకు రావాల. మీ చెక్కే గదా.”

కాటమరాజు మంద ముందుకు వచ్చాడు. ఇంకా పందొమ్మిదో రాయి చేరకముందే చేత్తో ఎడమ వైపు చూపించాడు. “ఆ పక్క కంప పెరిగింది. రాయి చూసుకొని ఇట్ల తిరుగుదాం రాండి.”

రాయికి ఇరవై బారల దూరంలో ఎండిన రేగుకంప దట్టంగా పరిచి ఉంది. ఒక్క పచ్చని ఆకు లేదు. మేకలు అటు తల కూడా తిప్పలేదు. తెలియనివాళ్ళు పదేళ్ళు తిరిగినా అక్కడ గుంత ఉందని అనుకోరు.

“పందొమ్మిది,” అన్నాడు సారు గొడుగు కొసతో తట్టి. “రాసుకో తల్లీ.”

మల్లి రాసింది. పందొమ్మిది. రాయి ఉంది. రంగు ఉంది.

ఇక మూయాలి. అంతే పని. చెయ్యి అట్ట మీద పెట్టింది. మూస్తే గంగాళం అటక మీదే ఉంటుంది. సంక్రాంతి పోయాక కూడా వాకిట్లో అమ్మ గొంతు వినిపిస్తుంది. మూస్తే వచ్చే ఏడు ఇక్కడ యంత్రాలుంటాయి. ఆ వచ్చే ఏడు పక్క చెక్క. రాసేదేమీ ఉండదు, నడిచేదీ ఉండదు. కాళ్ళ కింద నేల గట్టిగానే ఉంది గానీ, నిన్నటి గుంతలోనే ఇంకా నిలబడినట్టుంది ఆమెకు. ఎటు చెయ్యి పెట్టినా ఊడి వస్తోంది.

“పోదాం పాండి,” అన్నాడు కాటమరాజు.

రమేష్ ఒక అడుగు వేశాడు.

“ఆగు,” అన్నాడు సారు. “పుస్తకం మూయలేదు.”

అందరూ ఆగారు. వెనక నుంచి వస్తున్న గొర్రెలు ముందు వాటిని నెట్టుకుంటూ దగ్గర దగ్గరగా చేరాయి. ఎండ ఎక్కుతోంది.

“ఏందిమే, సిరా అయిపోయిందా?” అన్నాడు రమేష్.

“ఏందమ్మా? ఏమన్నా కనపడిందా?” అన్నాడు సారు.

మల్లి తల ఎత్తలేదు. తెరిచిన పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. రాయి దాటడానికి లేదు, వెనక్కి పోవడానికీ లేదు. మంద మొత్తం ఆమె వల్ల ఆగిపోయింది. పొట్టేలు ఒకటి వెనక ఒత్తిడికి ముందుకు వచ్చి కాటమరాజు చెడ్డ మోకాలికి తల ఆనించి తోస్తోంది. అతను కదలలేదు.

“రేయ్ కాటమా, పిల్లకు ఎండదెబ్బ తగిలినట్టుందిరా, చూడు,” అని రంగనాయకమ్మ కేకేసింది.

కాటమరాజు కూతురి దగ్గరికి వచ్చాడు. ఎవరికీ వినపడకుండా అన్నాడు. “మల్లీ. మీ అమ్మ గంగాళం లోపల పెట్టింది గదమ్మా.”

“తెలుసు నాయనా,” అంది మల్లి. పెన్ను అతని వైపు చాపింది.

అతనికి సంతకం తప్ప రాయడం రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మోచేతి మీద పసుపు చెమటకు కరిగి మణికట్టు దాకా కారింది.

కాటమరాజు ఆ పసుపును చూశాడు. పెన్ను తీసుకోలేదు. పందొమ్మిదో రాయి మీద మెల్లగా కూర్చున్నాడు, మోకాలు చాపి.

“సార్, ఆ కంప తీయించండి,” అన్నాడు. “కింద గుంత ఉంది. నేనే తవ్విచ్చినా.”

రమేష్ తనే పోయి కంప లాగాడు. అందరూ గుంత చుట్టూ నిలబడ్డారు. పదకొండో రాయి పక్క చెక్క ఆయన పెద్దగా తిట్టాడు. “మాతో సంతకాలు పెట్టిచ్చిందే నువ్వు గదంటయ్యా!” కాటమరాజు తల ఊపాడు. అందరూ అన్నవన్నీ విన్నాడు. రంగనాయకమ్మ వచ్చి గుంతలోకి చూసి, కొడుకు వైపు చూసి, మందను మళ్ళించుకోవడానికి పోయింది.

చివరికి సారు అన్నాడు. “కాగితంలో ఉంది. తవ్వినోడు పూడ్చాల. అయితే ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఇంటికొక మనిషి రాండి ఆదివారం. క్వారీ ఆయనకు నేను ఉత్తరం రాస్తా.” మల్లి వైపు తిరిగాడు. “రాయమ్మా.”

మల్లి రాసింది. మా చెక్కలో గుంత ఉంది. రెండు నిలువుల లోతు. మా నాయన చూపించినాడు.

పుస్తకం మూసింది. ఏటా లాగే ఇవాళ సాయంత్రం బడి వరండాలో అందరి ముందూ ఇదంతా ఆమే పైకి చదవాలి.

చెక్క ఇంకా అయిపోలేదు. ఇరవై ఒకటో రాయి దాకా కాటమరాజుదే. అతను లేచి, కుంటుకుంటూ మంద ముందు నడిచాడు. గొర్రెలు ఎప్పటిలాగే అతని వెనక పోయాయి.

వాళ్ళు ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. అమ్మ నాయనకు నీళ్ళు ఇచ్చింది, లోపలికి పోయింది. గంగాళం దించిన చప్పుడైంది. తెచ్చి బయట చూరు కింద, ఎప్పుడూ ఉండే చోటే బోర్లించింది.

మల్లి దాని పక్కన కూర్చుంది. అమ్మ పక్కకు వస్తుందేమోనని చూసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, వెనక్కి తిరగకుండా అంది.

“దాని మీద ఇంత గోతం కప్పు. వానకు చిలుము పడతాది. జనవరికి మళ్ళ కావాల గదా.”

మల్లి గోతం తెచ్చి కప్పింది.